తాడత్త కొలత

ఆమెకి అసలు పేరొకటి ఉండే ఉంటుంది. పోస్టాఫీసు మనిషిని కాబట్టి దీవిలో అందరి పేర్లూ నాకు తెలుసు. ఆమెది మాత్రం తెలీదు, ఎందుకంటే ఆమెకి ఒక్క ఉత్తరం కూడా ఎప్పుడూ రాలేదు. అందరూ తాడత్త అనేవాళ్లు. ఆమె వయసువాళ్లు కూడా అత్తా అనే పిలిచేవాళ్లు. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, బావి పక్కనే ఒంటిగది రేకుల ఇల్లు. మంచినీళ్ల బావి చేంతాడుకి కాపలా కాయడం ఆమె పని. ఆ ఉద్యోగం ఆమెకి ఎవరూ ఇవ్వలేదు, పీకేసే ధైర్యమూ ఎవరికీ లేదు.

ఆ తాడు సంగతి ముందు చెప్పాలి. పొయ్యి మీద అన్నం ఉడికేలోపు మా దీవిని ఈ కొస నుంచి ఆ కొసకి నడిచెయ్యొచ్చు. చుట్టూ ఉప్పునీళ్లు, కిందా ఉప్పునీళ్లే. వాన నీళ్లు ఇసుకలోకి ఇంకి, ఆ ఉప్పునీటి మీద పల్చగా తేలి ఉంటాయి, పాల మీద మీగడలా. ఆ మీగడ వరకే మనది. పైపైన తీసుకుంటే తరాలు తాగొచ్చు. ఆశపడి లోతుకి పోయినా, అదే పనిగా తోడినా, అడుగునున్న ఉప్పు పైకొచ్చేస్తుంది. అందుకని తాడత్త చేంతాడుని ఒక కొలతకి కోసి, ఒక కొసని గట్టు మీది గుంజకి బిగించేసింది. రెండో కొసకి పొట్టి రేకు డబ్బా. డబ్బా నీళ్లకి అందితే తోడుకో. అందకపోతే ఆ పూటకి నీళ్లయిపోయినట్టే, ఇంటికి పో. సముద్రం పోటు మీదున్నప్పుడు బావిలో నీళ్లూ జానెడు పైకొస్తాయి. అప్పుడు మళ్లీ రా.

పై అధికారి ముందు నోరు జారినందుకు నన్ను ఈ దీవికి విసిరేశారు. పదిహేను రోజులకొకసారి పడవ. ఆఫీసంటే ఒక గది, ఒక బల్ల, తూకం, సీలు. తేమకి స్టాంపులు ఒకదానికొకటి అతుక్కుపోతుంటే మధ్యలో పౌడరు చల్లి దాచేదాన్ని. స్నానానికి సముద్రం నీళ్లే. వారం తిరక్కుండానే నా జుట్టు పీచయిపోయింది. ఒక పొద్దున డబ్బా నీళ్లకి నాలుగు వేళ్ల ఎత్తున ఆగిపోయి వెక్కిరిస్తుంటే ఉండబట్టలేకపోయాను.

"అత్తా, ఇంకో మూరెడు తాడు కడితే నీ సొమ్మేం పోయింది? నీళ్లు కనిపిస్తూనే ఉన్నాయిగా!"

"కనిపించినవన్నీ నీవేనా పోస్టమ్మా?" అంది, తల కూడా ఎత్తకుండా.

వెనకున్న ఆడవాళ్లు పకపకా నవ్వారు. ఖాళీ బిందెతో ఇంటికొచ్చి, పళ్లు నూరుకుంటూ కాగితం తీశాను. నా చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, నాకున్న పొగరుల్లో అదొకటి. 'ఒక వృద్ధురాలి మొండితనం మూలంగా దీవి ప్రజలందరం గొంతు తడుపుకోలేక అవస్థ పడుతున్నాము. దయతో మోటారు, కుళాయిలు ఇప్పించగలరు' అని రాసి, ఇంటింటికీ తిరిగాను. నవ్విన ఆడవాళ్లతో సహా అందరూ సంతకాలు పెట్టారు. తాడత్త గుమ్మం మాత్రం తొక్కలేదు. సీలు నేనే కొట్టి, టపా సంచిలో నేనే వేశాను.

జవాబు రాలేదు. ఎండాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం తాడత్త కునుకు తీస్తున్నప్పుడు నా బట్టలారేసుకునే నైలాను తాడు పట్టుకెళ్లి చేంతాడుకి ముడేశాను. డబ్బా నిండుగా పైకొచ్చింది! ఆ రోజు తలంటుకుని పడినంత సంబరం ఏ పండక్కీ పడలేదు. నన్ను చూసి పక్కింటావిడ అరువడిగింది. ఆమెను చూసి ఇంకొకరు. నాలుగు రోజులకల్లా నా నైలాను తాడు దీవి మొత్తం చేతులు మారింది. మధ్యాహ్నం పూట బావి దగ్గర ముసుగులేసుకుని వరస కట్టేవాళ్లం. పదో రోజున నోట్లో పెట్టుకున్న అన్నం ఉప్పగా తగిలింది. ఉప్పు ఎక్కువేశానేమో అనుకున్నాను. అసలు వేయడమే మర్చిపోయానని తర్వాత గుర్తొచ్చింది.

వానలు పడి బావి తేరుకునేదాకా ఏడు వారాలు పట్టింది. పడవలో వచ్చే పీపాల నీళ్లు పిల్లలకీ బాలింతలకీ సరిపోయేవి. మిగతావాళ్లం ఆ ఉప్పునీళ్లే తాగాం, వాంతులు చేసుకున్నాం. ఒక ముసలాయన మంచం పట్టి, మళ్లీ లేవలేదు. తాడత్త ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. నైలాను తాడు విప్పి, చుట్ట చుట్టి, ఆఫీసుకొచ్చి నా బల్ల మీద పెట్టింది. "నీ తాడు. బట్టలారేసుకో" అని వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది. ఆ రోజు తలుపు వేసుకుని ఏడ్చాను.

ఆ తర్వాత నేను బావి దగ్గర బుద్ధిగా వరసలో నిలబడడం నేర్చుకున్నాను. నా అర్జీ సంగతి మాత్రం ఎవరూ గుర్తు చేసుకోలేదు, నేనూ గుర్తు చేయలేదు. దాన్ని ఎవడూ చదవడనుకున్నాను. మా శాఖ మీద నాకున్న నమ్మకం అలాంటిది. ఖర్మ, అది చేరింది. ఏడాది తిరిగాక పడవలోంచి మోటారూ, పైపులూ, నలుగురు కూలీలూ, ఒక ఇంజనీరూ దిగారు.

ఇంజనీరు మంచివాడు. కోపం తెచ్చుకునే సందు ఇవ్వనంత మర్యాద. బావిలోకి తొంగిచూసి, "మోకాలి లోతే ఉన్నాయి, పైపు మునగదు. ఇంకో నిలువు లోతు తవ్వాలి. రేపు పొద్దున్నే మొదలెడదాం" అన్నాడు. కొందరి మొహాలు వెలిగాయి. ఎంత దెబ్బ తిన్నా కుళాయి అన్న మాటకి ఉన్న మోజు అలాంటిది. నేను నోరు తెరవాలి. బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను.

పొద్దున గడ్డపారలతో వెళ్లేసరికి తాడత్త గట్టు మీద లేదు. బావి లోపల ఉంది. చీర ఎగ్గట్టుకుని, మోకాలి లోతు నీళ్లలో, నడుం మీద చేతులేసుకుని నిలబడింది. డెబ్బై దాటిన మనిషి, రాతి సందుల్లో కాళ్లు పెట్టుకుంటూ ఎలా దిగిందో ఏమో. ఆ బావిలో ఎవరూ కాలు పెట్టకూడదన్నది ఆమె పెట్టిన రూలే.

"అత్తా, తాగే నీళ్లు!" అని ఎవరో అరిచారు.

"కాళ్లు కడుక్కునే దిగాన్లే. నా కాళ్లు కడిగిన నీళ్లు ఒక్కరోజు తాగితే ఎవరూ చావరు. ఇది తవ్వితే చస్తారు. రండి నాయనా, తవ్వండి. నా కాళ్ల కింద నుంచే మొదలెట్టండి."

కూలీలు ఇంజనీరు వైపు చూశారు. అతను జేబులోంచి కాగితం తీశాడు. దూరం నుంచే గుర్తుపట్టాను, నా ముత్యాలు. "అమ్మా, ఇది మీ దీవివాళ్లు అడిగిందే. అందరూ సంతకాలు పెట్టారు."

"అయితే చదివించు. రాసినామె చదివితే ఇంకా బాగుంటుంది."

ఆమెకి మొదట్నుంచీ తెలుసు! గట్టు మీద నిలబడి, దీవి మొత్తం వింటుండగా చదివాను. మొండితనం అన్న మాట దగ్గర ఆగిపోయాను.

"ఆగావేం? అది నిజమేగా" అంది కిందనుంచి.

చివరిదాకా చదివి, "ఇది రాసింది నేనే. తప్పు రాశాను. నా నైలాను తాడు వల్ల ఏడు వారాలు అందరూ ఉప్పు తాగారు. బుద్ధొచ్చింది" అన్నాను ఇంజనీరుతో.

"మీరిప్పుడు నోటితో చెబితే ఎలాగండీ? ఆఫీసులో కాగితమే చెల్లుతుంది."

తాడత్త తలెత్తింది. "పోస్టమ్మా, బాబుకి దాహంగా ఉన్నట్టుంది. పడమటి బావి నీళ్లు పట్టుకురా."

పడమటి కొసలో కూలిన గోడల మధ్య ఒక పాడు బావి ఉంది. అక్కడి నుంచి గ్లాసుడు తెచ్చి ఇచ్చాను. అతను ఒక గుక్క తాగి, పక్కకి తిరిగి ఉమ్మేశాడు.

"అది మా ఆయన తవ్వాడు" అంది తాడత్త. "తవ్వమన్నది నేను. పెళ్లైన కొత్త, ఎండాకాలం, నాకు తలంటుకోవాలనిపించింది. ఆయన ఇంకో నిలువు లోతు తవ్వాడు. మూడు రోజులు నీళ్లు పొంగాయి, అందరూ ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. నాలుగో రోజు ఉప్పు. ఆ కొసన ఉన్న పద్నాలుగిళ్లవాళ్లూ పడవెక్కి పోయారు. ఆయన బతికున్నంత కాలం రోజూ పొద్దున్నే వెళ్లి ఒక గుక్క రుచి చూసి వచ్చేవాడు. నీ అంత చదువుకోలేదు గానీ, నీ అంత మంచివాడే నాయనా."

నా జుట్టు మీద నాకే అసహ్యమేసింది. ముందు కదిలింది పడవలు చేసే వడ్రంగి. కూలీ చేతిలోంచి గడ్డపార తీసుకుని, గట్టు మీద అడ్డంగా పెట్టి దాని మీద కూర్చున్నాడు. పక్కింటావిడ అతని పక్కన కూర్చుంది. ఒక్కొక్కరే వచ్చి గట్టు చుట్టూ ఖాళీ లేకుండా కూర్చున్నారు. నేను ఇంజనీరు ముందు చెయ్యి చాచాను. "కాగితమే చెల్లుతుందన్నారుగా. కలం ఇవ్వండి." నా సంతకం అడ్డంగా కొట్టేశాను. తర్వాత అందరూ వరసలో వచ్చి ఎవరిది వాళ్లు కొట్టేశారు. చనిపోయిన ముసలాయనది ఆయన కూతురు కొట్టేసింది.

మళ్లీ పడవ వచ్చేదాకా ఇంజనీరు మాతోపాటే వరసలో నిలబడి, ఆ తాడుతోనే తోడుకున్నాడు. వెళ్లేముందు టేపు పెట్టి తాడుని కొలుచుకున్నాడు. మోటారు అతనితోనే వెనక్కి పోయింది.

తాడత్త ఇంకో మూడేళ్లు బతికింది. ఆ మధ్యలో నాకు బదిలీ ఆర్డరొచ్చింది. రానని రాసి పంపాను. మళ్లీ వచ్చింది, మళ్లీ పంపాను. ఇప్పుడు వాళ్లే విసిగిపోయారు. తాడత్త పోయేముందు రోజు నన్ను పిలిచి, చేంతాడు ఏడాదికొకసారి మార్చాలనీ, కొత్తది పాతదాని పక్కన పరిచి కొయ్యాలనీ, కళ్లతో అంచనా వేయొద్దనీ చెప్పింది. ఇప్పుడు ఆ పని నాది. ఆ రేకుల ఇంట్లోనే ఉంటున్నాను.

మొన్న పడవలో ఇంకో పెద్ద కాగితం వచ్చింది. సముద్రం చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం పన్నెండు గదుల అతిథి గృహం కడతారట. గదికో షవరట. బావిని లోతు చేయడానికి దీవి ప్రజలు సహకరించాలట. ఫలానా వారికి అని ఉత్తరం ఎవరి పేరు మీదా రాలేదు.

పాత తాడు పక్కన కొత్త తాడు పరిచి, వెంట్రుకవాసి తేడా లేకుండా కోశాను. చుట్ట చుట్టి, గుడ్డలో కుట్టి, తూచి, ఆ కాగితం పంపిన ఆఫీసుకే రిజిస్టరు చేశాను. లోపల ఒక చీటీ పెట్టాను. 'మా బావికి ఇంతే. మీరు తేదలుచుకున్నవన్నీ దీంతో కొలిచి చూసుకోండి. దీనికంటే లోతుకి పోయేది ఏదీ ఈ దీవి మీద దిగదు. గట్టు మీద మేమందరం కూర్చునే ఉంటాం.'

పంపినవారు అన్నచోట నా పేరు రాయబోయి ఆగాను. ఈ మధ్య బావి దగ్గర పిల్లలు నన్ను పిలిచే పేరు రాశాను. తాడత్త, మంచినీళ్ల బావి. ఇక జవాబంటూ వస్తే ఆ పేరు మీదే రావాలి.