పటంలో గణపవరం చుక్క

అడవి మొక్కల పటంలో చుక్క పెట్టుటకు ఒక క్రమం గలదు. మొదట మొక్కను కళ్లారా చూడవలెను; పిమ్మట ఒక కొమ్మ కోసి పాత వార్తాపత్రికల మధ్య అదిమి ఎండబెట్టవలెను; అటుపైన మాత్రమే చుక్క పెట్టవలెను. డిగ్రీలో మాకు వృక్షశాస్త్రం చెప్పిన మాస్టారు విధించిన క్రమమిది. దీనిని ఉల్లంఘించిన విద్యార్థి ఒక్కడే. అతని ప్రయాణ వివరాలు ఈ దిగువ పొందుపరచడమైనది.

ముప్పై ఏళ్ల క్రితం ఏలూరు నుంచి కొల్లేరు అంచుల దాకా ఏ మొక్క ఎక్కడ పెరుగుతుందో మా తరగతి అంతా కలిసి పటం గీశాం. నా వంతుకు కిక్కిస వచ్చింది. కొల్లేటి నీళ్లలో మనిషిని మించి పెరిగే గడ్డి అది; ఆ రోజుల్లో దడులూ పాకల కప్పులూ దానితోనే. గణపవరం వెళ్లి చూసి రమ్మంటే, నేను తాడేపల్లిగూడెంలోనే దిగి, పెసరట్టు తిని, ఆ హోటలు దడిలోంచి ఒక పుల్ల లాగి తెచ్చి ఇచ్చాను. చుక్క పడింది. ఇప్పుడు పటాన్ని కాలేజీ గోడకెక్కించే ముందు ప్రతి చుక్కనూ సరిచూడమని, చూపు మందగించిన మాస్టారు నన్నే నియమించారు. మిగతావన్నీ సరిచూశాను. గణపవరంలో కిక్కిస లేకపోతే ఆయన ముందు నేరం ఒప్పుకోక తప్పదు.

ఆదివారం ఉదయం ఆరున్నరకు ఏలూరులో పల్లెవెలుగు బస్సు ఎక్కాను. గుండుగొలను మీదుగా తాడేపల్లిగూడెం చేరడానికి గంటన్నర పట్టింది. పాత హోటలు చోట సెల్‌ఫోన్ల దుకాణం, దడి చోట గాజు తలుపు ఉన్నాయి. ఆ తలుపు ముందు కొంతసేపు నిలబడ్డాను. అందుకు అధికారిక కారణమేదీ లేదు. అక్కడినుంచి గణపవరానికి షేర్ ఆటోలో నలభై రూపాయలు. నా చేతిలోని పటం జిరాక్సు చూసి డ్రైవరు అడిగాడు.

"సర్వే వారాండీ?"

"కాదండీ, గడ్డి చూడటానికి."

"గడ్డికి మ్యాపేంటండీ బాబూ!"

ఊరు దాటాక ఒక చేపల చెరువు గట్టు మీద పటం విప్పి కిక్కిస గురించి అడగగానే, ఆ చెరువు రైతు ముఖం మారిపోయింది.

"ఇక్కడ కిక్కిస ఏనాడూ లేదండీ. మా తాతలనాటి నుంచీ, ఈ చెరువు తవ్వేదాకా, ఇది వరిచేనండీ."

కిక్కిస ఉందంటే కొల్లేరు ఒకప్పుడు అక్కడిదాకా ఉండేదని రుజువై, సరస్సు భూమిలో తవ్విన చెరువని ప్రభుత్వం గట్లు కొట్టించేస్తుందని ఆయన భయం. లేదంటే నా పరువు పోతుందని నా భయం.

"నేను ఆఫీసు మనిషిని కానండీ. మా మాస్టారికి ఒక్క పుల్ల చూపించాలండీ."

మోటారు షెడ్డు నీడలో వల బాగుచేస్తున్న ఆయన తల్లి తలెత్తింది. "లేకపోవడమేంట్రా? నేను కాపురానికొచ్చిన ఇంటికి దడంతా కిక్కిసే. షెడ్డు వెనకాల ఇంకా ఉంది, చూసుకోండి బాబూ."

"అమ్మా, నువ్వూరుకో!"

"గడ్డి అడిగితే గడ్డి చూపించాలి గానీ, చెరువు రాసిచ్చేస్తామా ఏంటి?"

మోకాలి లోతు బురదలో దిగాను. ఒక్కటే దుబ్బు, తలపైన వెన్నులు ఊగుతున్నాయి. ముప్పై ఏళ్ల నా అబద్ధం అక్కడ నిజమై నిలబడి ఉంది. ఒక పుల్ల కోసుకున్నాను.

సాయంత్రం ఏలూరులో మాస్టారు దాన్ని వేళ్లతో తడిమి, వాసన చూశారు. "ఇది చెరువులోది. అప్పుడు తెచ్చింది దడిలోది."

"మీకు తెలుసా మాస్టారూ?"

"దాని మీద నులకతాడు అచ్చు ఉందయ్యా. నీళ్లలో పెరిగే కిక్కిసకు తాడెవడు కడతాడు?"

బీరువాలోంచి అసలు పటం తీయించారు. చుక్కలన్నీ సిరాతో ఉన్నాయి. గణపవరం ఒక్కటే పెన్సిల్‌తో. జిరాక్సులో ఆ తేడా తెలియలేదు. "ఎప్పటికైనా వెళ్తావని అలాగే ఉంచాను," అంటూ పెన్ను అందించారు.

దడులు పోయాయి, కొల్లేరు వెనక్కి జరిగింది. ఒక మనిషి నమ్మకం మాత్రం పెన్సిల్‌తో రాసిన చోటనే ఇన్నేళ్లూ చెరగకుండా ఉంది. ఆ చుక్క మీద సిరా దిద్దడానికి నాకు బస్సు ప్రయాణం కంటే ఎక్కువసేపు పట్టినట్టనిపించింది.

వెళ్లదలచినవారికి ఒక సూచన: చెరువు గట్ల మీద పటం విప్పకండి, సంచిలో దాచి, ముందు పెద్దవాళ్లను పలకరించండి. ఇక నియమం: పెసరట్టు తిన్న రోజున ఎవరూ ఏ పటంలోనూ చుక్క పెట్టరాదు. ఇది అంతిమం, దీనిపై అప్పీలు లేదు.