ఓడ బొమ్మ నాణెం

మా ఆయన తాళాలు బాగుచేస్తారు. కొత్త తాళంచెవి అరగదీసి, దాని పళ్ల మీద బొటనవేలు ఒక్కసారి పోనిచ్చి "పడుతుంది" అన్నారంటే పడి తీరాల్సిందే. అంత తెలివైన వేళ్లకు ఒక్క విషయంలో మాత్రం బుద్ధి లేదు.

ఆయనకు పాత నాణేల పిచ్చి. ప్రతి శనివారం నాణేల దుకాణానికి వెళ్లి, బుట్టలో పోసి చవగ్గా అమ్మే అరిగిపోయినవి ఏరుకొస్తారు. వాటిలో ఓడ బొమ్మవే పదకొండు. "మీ ఓడలన్నీ మునిగిపోయాయి కదండీ!" అని ఎన్నిసార్లు ఆటపట్టించానో లెక్కలేదు. అదే నాణెం, ఎవరి చేతా నలగనిది, ఆ దుకాణం అద్దాల బీరువాలో ఉంది. తెరచాప తాళ్లు కూడా కనిపిస్తాయి. దానికోసం కూడబెడతానని అంటూనే ఉంటారు. శనివారం వచ్చేసరికి చెయ్యి బుట్టలోకి పోతుంది.

నిరుడు కంటి డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. చూపు అంచుల నుంచి మూసుకొస్తోందట. మందులు వాడినా ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేమంది. ఆయన ఇంటికొచ్చి డబ్బా బోర్లించి, కళ్లు మూసుకుని నాణేలన్నీ తడిమారు.

"అన్నీ ఒకేలా ఉన్నాయే. రేపు చూపు పోతే ఇవి నాకు చొక్కా గుండీలే" అన్నారు. "ఆ ఒక్కటీ కొనుక్కోవాలి. అదైతే వేళ్లకు తెలుస్తుంది."

ఆ రోజు నుంచి శనివారం డబ్బులు నా దగ్గరే. ఆయనకేమో, ఈలోగా దాన్ని ఎవరైనా ఎగరేసుకుపోతారేమోనని భయం. రోజూ దుకాణం ముందు నుంచే ఇంటికొచ్చేవారు. ఒకరోజు పాలిపోయిన ముఖంతో వచ్చి, గుమ్మానికి భుజం కొట్టుకుని, కుర్చీలో కూలబడ్డారు.

"అయిపోయిందే. బీరువాలో లేదు."

దాచిన డబ్బంతా కొంగున కట్టుకుని, చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పరిగెత్తాను. నాణెం ఉన్నచోటే ఉంది. ఎడమవైపు, ఆయన చూపు ఇక అందని చోట. కుట్టుమిషను కోసం దాచుకున్నది కూడా కలిపి అప్పటికప్పుడు కొనేశాను. ఇంటికొచ్చి "పక్కకు జరిపారండీ, అంతే" అని అబద్ధమాడాను.

దుకాణాయన దాన్ని పారదర్శకమైన డబ్బీలో బిగించి ఇచ్చాడు. "అంచు పట్టుకోవాలమ్మా, బొమ్మ మీద వేలు పెట్టకూడదు. చెమట తగిలితే మచ్చ పడి విలువ పోతుంది" అని మరీమరీ చెప్పాడు. మా ఆయనకు ఆ నియమం తెలియక కాదు. నన్నే ఎన్నోసార్లు కసిరారు. కానీ ఇన్ని నెలలూ మా ఇద్దరిలో ఎవరికీ అది గుర్తు రాలేదు.

డబ్బీని ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయారు. పైన నున్నటి ప్లాస్టిక్. దాన్నే రాస్తున్నారు, రాస్తున్నారు. నాకు చూడబుద్ధి కాలేదు, కోపమొచ్చింది. ఆయన స్క్రూడ్రైవరే తీసి డబ్బీ పగలగొట్టాను.

"అయ్యో, అరిగిపోతుందే!"

"మీ చేతిలోనేగా! మునిగితే మునగనివ్వండి."

కళ్లు మూసుకున్నారు. బొటనవేలు తాళ్ల మీదుగా మెల్లగా వెళ్లి, ఒకచోట ఆగింది.

"ఓడ మీద ఇక్కడెవరో నిలబడి ఉన్నారే. నువ్వు చూశావా?"

నేను చూడలేదు.