పసుపు బొట్ల ఫ్లాపీ

తెనాలిలో కల్యాణ మండపం బుక్ చేసుకోవాలంటే పెళ్లో, ఓణీల వేడుకో, కనీసం షష్టిపూర్తో ఉండాలి. మా దగ్గర అవేవీ లేవు. మేనేజరు రసీదు పుస్తకం తెరిచి, "వరుడి పేరు చెప్పండి" అన్నాడు. పాత కంప్యూటర్లు దాచుకునేవాళ్లమంతా ఒకరోజు కలుసుకుంటున్నామని చెప్పాను.

"అమ్మకానికాండీ?" అని అడిగాడు. కాదన్నాను.

"రిపేరుకా?" అదీ కాదన్నాను.

"మరెందుకండీ?"

ఆ ప్రశ్న మా ఇంట్లో రోజూ వింటున్నదే కాబట్టి నాకేం కొత్తగా అనిపించలేదు. చివరికి ఆయన వరుడి గడిలో నా పేరు రాసి, వధువు గడిలో "కంప్యూటర్లు" అని రాశాడు. మా ఆవిడ ఆ రసీదు చూసి, "ఉన్నమాటే రాశాడు" అంది.

ఈ సమావేశం వెనక ముగ్గురం ఉన్నాం. నేను ముప్పై ఏళ్ల కిందట తెనాలిలో మేడ మీద కంప్యూటరు ఇన్‌స్టిట్యూటు నడిపినవాణ్ణి. రెండో ఆయన బాపట్లలో ఫిజిక్సు లెక్చరరుగా రిటైరయ్యాడు. మూడో ఆయన రేపల్లెలో టీవీ మెకానిక్కు. ఎక్కడ కలవాలన్నదాని మీద రెండు నెలలు ఫోన్లలో కొట్టుకున్నాం. బాపట్లాయన తమ ఊళ్లో పెడితే సాయంత్రం అందరికీ సముద్రం చూపిస్తానన్నాడు. ఉప్పుగాలికి తన సొంత మానిటరు తుప్పు పట్టిందని అంతకు ముందు వారం గోలపెట్టింది ఆయనే. రేపల్లె ఆయన తమ ఊరికి రైలుందన్నాడు. నిజమే, ఉంది. అక్కడితో పట్టాలు అయిపోతాయి. జంక్షను కాబట్టి తెనాలే అని నేను తేల్చేశాను. తేల్చేయడం నాకు ఇన్‌స్టిట్యూటు రోజుల నుంచీ అలవాటు.

ఆదివారం పొద్దున పదింటికల్లా ముప్పైమంది వచ్చారు. మెట్ల దగ్గర ముప్పై జతల చెప్పులు. విడవమని ఎవరూ చెప్పలేదు, బోర్డూ లేదు. చెప్పుల దుమ్ముకి మిషన్ పాడైపోతుందని ఆ రోజుల్లో ప్రతి ఇన్‌స్టిట్యూటులోనూ గది బయటే విప్పించేవాళ్లం. ఆ భయం మా వయసువాళ్లకి ఇంకా పోలేదు. పెళ్లి భోజనాల బల్లల మీద కంప్యూటర్లు వరసగా పెట్టాం. వచ్చినవి పదకొండు, వెలిగినవి నాలుగు. ఒకదాంట్లోంచి పొగ కూడా వచ్చింది. దాన్ని తెచ్చిన కొల్లూరు అరటి రైతు, "నిన్న బాగానే ఉందండీ" అన్నాడు. ఆ మాట ఆ పూట ఏడుసార్లు విన్నాను.

పదకొండు దాటాక ఒకావిడ వచ్చింది. యాభై అయిదేళ్లుంటాయి. కంప్యూటరేమీ తేలేదు, చేతిలో స్టీలు డబ్బా ఉంది. తిన్నగా నా దగ్గరికొచ్చి, "నేను మీ స్టూడెంటునండి" అంది. గుర్తుపట్టినట్టు తల ఊపాను. గుర్తుపట్టలేదు. డబ్బాలోంచి పట్టుగుడ్డలో చుట్టిన ఫ్లాపీ తీసింది. అరచేతంత ఉండే పాత రకం. పైన అట్టకి చిన్న సందు ఉండి, అందులోంచి లోపలి పల్చటి బిళ్ల కనిపిస్తూ ఉంటుంది. అట్ట మీద పసుపు, కుంకుమ పొరలు పొరలుగా పేరుకుపోయాయి. ఆవిడ పుట్టిల్లు పసుపు మార్కెట్టున్న దుగ్గిరాలట. పసుపు దగ్గర వాళ్లకి పిసినారితనం ఉండదు. ఒక బొట్టు సరిగ్గా ఆ సందులోనే పడి, బిళ్లకి అంటుకుపోయింది.

నాకు ఒళ్లు మండింది. "ఫ్లాపీకి బొట్టు పెట్టమని ఎవరు చెప్పారమ్మా నీకు?" అన్నాను.

"మీరే సార్" అంది.

నిజమే. దసరాకి మిషన్లన్నిటికీ బొట్లు పెట్టించి, ఫ్లాపీ అంటే సరస్వతి, ఏటా మర్చిపోకండని ఉపన్యాసం దంచేది నేనే. ఇన్నేళ్లలో నా మాట తు.చ. తప్పకుండా విన్న మనిషి ఈవిడొక్కతే అయ్యుంటుంది.

"ఇందులో ఏముందమ్మా?"

"నా లీవు లెటరండి."

ఆవిడ చెబుతుంటే మెల్లగా గుర్తొచ్చింది. క్లాసులో అందరికన్నా వేగంగా టైపు చేసేది. దుగ్గిరాలలో ఒక పసుపు వ్యాపారి ఆఫీసులో కంప్యూటరు పెట్టుకుని ఆపరేటరు కావాలంటే, ఈవిడనే పంపుతానని మాటిచ్చాను. అంతలో నాలుగు రోజులు రాలేదు. మా దగ్గర రూలు ఏంటంటే, లీవు లెటరు ఇవ్వకుండా మూడు రోజులు మానేస్తే పేరు కొట్టేయడమే. ఆ లెటరు కూడా కంప్యూటరులో టైపు చేసి, ప్రింటు తీసి ఇవ్వాలి. అయిదో రోజు ఆవిడ వచ్చేసరికి రిజిస్టరులో పేరు మీద ఎర్ర గీత ఉంది.

"రిబ్బను ఎండిపోయి ప్రింటు రాలేదండి. రేపు మారుస్తానన్నారు మీరు. అందుకని నా ఫ్లాపీలో పెట్టి మీ బల్ల మీద ఉంచి వెళ్లాను. వచ్చాక అక్కడే ఉంటే తీసి చూపించాను, మీరు చూడను కూడా చూడలేదు. ఆడలేక మద్దెల ఓడందట అన్నారు. క్లాసంతా నవ్వింది సార్."

ఆ ఉద్యోగానికి నేను ఇంకొకతన్ని పంపాను. ఈవిడ కాపురం రేపల్లెకి మారింది. అప్పటి నుంచీ జాకెట్లు కుడుతోంది. మెకానిక్కు షాపులో మా కరపత్రం చూసి రైలెక్కింది.

"తెరిచి చూడండి సార్. లెటరు లేకపోతే నాదే అబద్ధం, వెళ్లిపోతాను. ఉంటే మాత్రం మీరే చెప్పాలి, అందరి ముందూ" అంది.

చుట్టూ ముప్పైమంది మూగారు. బొట్టు పుణ్యమా అని అది తెరుచుకోకుండా పోతే బాగుండునని నాకనిపించింది. దాచేదేముంది, అలాగే అనిపించింది.

రేపల్లె మెకానిక్కు బ్లేడుతో అట్ట అంచు కోసి బిళ్ల బయటికి తీశాడు. కుళాయి కింద సబ్బునీళ్లతో వేలికొసతో కడిగాడు. బాపట్లాయన పక్కన నిలబడి, పసుపులో అయస్కాంతం ఉండదు కాబట్టి ప్రమాదం లేదని ఇరవై నిమిషాలు పాఠం చెప్పాడు. బిళ్లని మెత్తటి గుడ్డ మీద ఫ్యాను కింద ఆరబెట్టాం. ఈలోగా పులిహోర వడ్డించారు. ఆవిడ తినలేదు. పసిబిడ్డ దగ్గర కూర్చున్నట్టు ఆ గుడ్డ పక్కనే కూర్చుంది.

ఆరాక బిళ్లని వేరే ఫ్లాపీ అట్టలో దూర్చి నా కంప్యూటరులో పెట్టాం. అది గరగరమని, చదవలేకపోతున్నాను, మళ్లీ చూడమంటావా, మానేయమంటావా అని అడిగింది. మళ్లీ అన్నాను. నాలుగుసార్లు అదే గరగర.

"పోనీలేమ్మా" అన్నాను.

"ఇంకోసారి నొక్కండి సార్."

మెకానిక్కు డ్రైవులో చదివే ముల్లుని స్పిరిట్ దూదితో తుడిచాడు. నొక్కాను. ఈసారి గరగర ఆగింది. తెర మీద ఒకే ఒక్క ఫైలు పేరు, పక్కన తేదీ. 1980 జనవరి ఒకటి.

అప్పటికి మా ఇన్‌స్టిట్యూటే లేదు. తేదీ తప్పు, ఇది చెల్లదు అనే మాట నోటిదాకా వచ్చింది. కానీ ఆ మిషన్లు ఆన్ చేయగానే తేదీ అడిగేవి. టైము దండగ, ఏం కొట్టకుండా ఎంటర్ నొక్కేయండని పిల్లలందరికీ నేర్పినవాణ్ణి నేనే. అలా నొక్కితే అది వేసుకునే తేదీ ఇదే. నోరు మూసుకుని ఫైలు తెరిచాను.

ఇంగ్లీషులో, నేను నేర్పిన పద్ధతిలోనే ఉంది. గౌరవనీయులైన సార్, మా మామగారికి గుంటూరులో కంటి ఆపరేషను, సోమవారం నుంచి గురువారం దాకా సెలవు కోరుతున్నాను, ప్రింటరు రిబ్బను లేనందున ఇందులో పెడుతున్నాను, దయచేసి చూడగలరు. చివర తమ విధేయురాలని పేరు. ఒక్క తప్పు లేదు.

నేను పైకి చదివాను. తెలుగులో, అందరికీ వినపడేలా. "తప్పు ఈవిడది కాదండీ. లెటరు ఇచ్చింది, నేనే చూడలేదు. మద్దెల బాగానే ఉంది, ఆడరానిది నాకే" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ప్రింటు తీస్తారా?" అంది.

బాపట్లాయన తన ప్రింటరు రిబ్బనుకి స్టాంపు ప్యాడు సిరా పట్టించి తెచ్చాడు. అది మండపం అదిరేలా చప్పుడు చేస్తూ కాగితం వదిలింది. కింద 'సెలవు మంజూరు' అని రాసి సంతకం చేశాను. తేదీ వేయబోతే చెయ్యి ఆగింది. ఏ తేదీ వేయాలో తెలియక వదిలేశాను.

ఆవిడ కాగితం మడిచి, ఫ్లాపీతో పాటు డబ్బాలో పెట్టుకుంది. నేను మెట్ల దాకా వెళ్లాను. "ఆ ఉద్యోగం నీకే రావాల్సిందమ్మా" అన్నాను. ఆవిడ వంగి చెప్పుల్లో తన జత వెతుక్కుంటోంది. దొరికాక తొడుక్కుని తలెత్తింది.

"నాలుగు రోజులే అడిగాను సార్" అంది.