రెండు గుడ్డల ఆంజినప్ప

మసకబారిన వస్తువు కంటబడితే ఆంజినప్ప చేతులు ఊరుకోవు. అది తనదా, పరాయివాళ్లదా, దేవుడిదా అన్న విచారణ ఉండదు. భుజాన ఉన్న గుడ్డ తీసి రుద్దడం మొదలుపెడతాడు. అది మెరిసేదాకా ఆయనకు అన్నం సయించదు, పక్కనున్నవాళ్లకు మనశ్శాంతి ఉండదు.

ఆ పక్కనున్న మనిషి ముప్పై ఏళ్లుగా ఆయన భార్య సిద్దమ్మే. గుంతకల్లులో రైలు పెట్టెలకు రంగులూ మెరుగులూ వేసే ఉద్యోగం ఆయనది. ఒకసారి ఆడవాళ్ల పెట్టె మీది బోర్డును అక్షరాలు పోయేదాకా రుద్దాడు. ఆ రోజు మగవాళ్లు అందులో కాళ్లు చాపుకుని బళ్లారి దాకా పోయారు. రిటైరైతే ఈ రోగం కుదురుతుందని సిద్దమ్మ ఆశపడి, రాప్తాడు దగ్గర తన పుట్టినూరికి తీసుకొచ్చింది. కుదరలేదు సరికదా, రైళ్ల మీద పడాల్సిందంతా ఊరి మీద పడింది.

వచ్చిన నెలలోనే ఊళ్లోని ఎర్రన్న వాళ్ల నాయన పోతే పరామర్శకు వెళ్లారు. సిద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆడవాళ్ల మధ్య కూర్చుంది. కాసేపటికి ఏడుపులు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. ఏమిటా అని చూస్తే, ఆంజినప్ప వసారాలో మఠం వేసుకుని ఆ ఇంటి ఇత్తడి బిందెను చింతపండుతో తోముతున్నాడు.

"ఏమయ్యా, మనిషి పోయినాడు ఈడ," అంది సిద్దమ్మ పళ్లు బిగించి.

"మనిషి పోయినాడు గాని బిందె ఉండాది గదా. ఎట్ల నల్లబడిందో చూడు, పాపం."

ఇంతకీ ఆయన పనికి ఒక శాస్త్రం ఉంది. ఎడమ భుజాన తెల్లగుడ్డ. అది అద్దాలకు, గడియారాలకు. కుడి భుజాన ఎర్రగుడ్డ. అది పాత రంగును అరగదీసే జిడ్డు ముద్ద, రబ్బింగ్ కాంపౌండు, రాసే మొరటు పనులకు. ఒకదాని పని ఇంకోటి చేయకూడదు. సిద్దమ్మ ఒకసారి తెలియక ఎర్రగుడ్డతో ఇంట్లో అద్దం తుడిచింది. కాంపౌండు జిడ్డు పరుచుకుని, అందులో ఆమె ముఖం ఆమెకే కనబడలేదు. ఆంజినప్ప మూడు రోజులు మాట్లాడలేదు. ఆ మూడు రోజులూ ఇల్లు హాయిగా ఉందని సిద్దమ్మ చెప్పుకునేది గాని, నాలుగో రోజు తనే బతిమాలుకుంది.

అలాంటి మనిషి కంట చెరువులోని పడవ పడింది.

తొంభై ఎనిమిదిలో వానలు కురిసి చెరువు నిండినప్పుడు, జనం షికారు చేస్తారని ఎవరో ఆఫీసువాళ్లు నీలం రంగు ఫైబరు పడవ తెప్పించి దింపారు. నడపడానికి కణేకల్ నుంచి ఓబులేష్ అనే పిల్లవయసు దాటిన కుర్రాణ్ణి పెట్టారు. కాలువ నీళ్లలో పెరిగినవాడు, ఈత బాగా వచ్చు. రెండేళ్లు తిరిగేసరికి చెరువు ఎండిపోయింది. పడవ మాత్రం నెర్రెలిచ్చిన నేల మీద ఎండకు పడి ఉంది. నీలం కాస్తా బూడిద రంగైంది. చేత్తో తాకితే తెల్లటి పొడి అంటుకునేది. గేదెలు ఒళ్లు రుద్దుకుంటే గేదెలు తెల్లబడేవి. ఓబులేష్ రోజూ పొద్దున్నే వచ్చి, దాని నీడలో కూర్చుని సాయంత్రం దాకా డ్యూటీ చేసేవాడు.

రెండువేల రెండు ఎండాకాలంలో ఒక బుధవారం వాడు కాగితం పట్టుకుని ఆంజినప్ప ఇంటికొచ్చాడు.

"సోమవారం ఆఫీసరు వస్తాడంట మామా. పడవ పనికిరాదని రాస్తే పాత సామాన్లలో ఏస్తారంట. పడవ పోతే నేనూ పోతా."

"నువ్వేల పోతావప్పా?"

"కాయితంలో ఇద్దరినీ ఒకే లైన్లో రాసినారు. పడవ ఒకటి, మనిషి ఒకడు అని. మల్లీశ్వరికి ఏడో నెల అత్తా," అని భార్య సంగతి చెబుతూ సిద్దమ్మ వైపు చూశాడు. "ఇప్పుడు యాడికని పోదుము?"

ఆంజినప్ప చెరువుకు వెళ్లి పడవను గోటితో గీకాడు, వేళ్లతో తట్టాడు, చెవి ఆనించి విన్నాడు.

"లోపల గట్టిగుండాది. ఇది పైన పౌడరే," అన్నాడు. "రాయితో గోడ కట్టినట్లుండే పడవను, మొగం బాలేదని పారేస్తారా?"

"నీళ్లు చల్లితే మెరుస్తాది గదా మామా? సోమవారం ఆయప్ప వచ్చే ముందు నాలుగు బిందెలు పోసేద్దాం."

"మన ఎండకు నువ్వు బిందె కింద పెట్టేలోపల ఆరిపోతాది. ఈడికి రావల్ల మెరుపు," అని ఆంజినప్ప పడవ చర్మాన్ని చూపించాడు.

గురువారం తెల్లారకముందే పని మొదలైంది. ఎండలో కాంపౌండు ఎండిపోతుందని ఆంజినప్ప భార్య పాత చీరలు నాలుగు పడవ మీద పందిరిగా కట్టాడు. ముందు కడగడం, తర్వాత వాటర్ పేపరు అనే గరుకు కాగితం తడిపి రుద్దడం, గరుకుది అయ్యాక నున్నటిది, ఆపైన ఎర్రగుడ్డతో కాంపౌండు, చివర మైనం. చెప్పడానికి నాలుగు మాటలే గాని, వాటర్ పేపరు అడుగడుగునా నీళ్లు తాగుతుంది. ఊళ్లోకి ట్యాంకరు మూడు రోజులకోసారి వస్తుంది.

"ఇంట్లో తాగే నీళ్ల జోలికొస్తే చూడు," అని సిద్దమ్మ కడవల ముందు కూర్చుంది.

"తాగే నీళ్లు నాకెందుకే. నా స్నానం నీళ్లు ఇయ్యి. నా వంతే గదా."

అలా ఆయన స్నానం మానేశాడు. పడవ మెరుపెక్కుతున్న కొద్దీ ఆంజినప్ప మసకబారసాగాడు. శనివారానికి మెడ మీద పొడీ చెమటా కలిసి పేరుకుపోయాయి. భోజనానికి వస్తే సిద్దమ్మ కంచం గడప బయట పెట్టింది. తింటున్నంతసేపూ ఆయన ఎడమచెయ్యి గడపను రుద్దుతూనే ఉంది.

ఆదివారం ట్యాంకరు రాలేదు.

రోడ్డు వైపు పక్క అప్పటికి ముఖం చూసుకునేలా తయారైంది. అవతలి పక్క సున్నం గోడలా అలాగే ఉంది. ఓబులేష్ ఇంటికీ చెరువుకూ మధ్య పదిసార్లు తిరిగాడు. సిద్దమ్మకు రాత్రి నిద్ర పట్టలేదు. కన్ను మూసినప్పుడల్లా మల్లీశ్వరి పొట్ట, పాత సామాన్లలో పడవ కలిసి కనబడ్డాయి.

సోమవారం పదిగంటలకు జీపు వచ్చింది. సిద్దమ్మ మజ్జిగ చెంబూ గ్లాసూ పట్టుకుని ముందే వెళ్లి నిలబడింది. ఆఫీసరు దిగి పడవను చూసి ఆగిపోయాడు.

"పనికిరాదన్నారే? బాగానే ఉందే," అన్నాడు. వేళ్లు ముడిచి రెండు చోట్ల కొట్టి చూశాడు. గట్టిగా మోగింది. "సరే, అటువైపు చూద్దాం."

ఓబులేష్ సిద్దమ్మ వెనక్కి జరిగాడు.

"సార్, ఒక్క నిమిషం," అని ఆంజినప్ప అడ్డం వచ్చాడు. "మీ కండ్లద్దాలు దుమ్ము పట్టినాయి. ఇట్లియ్యండి." ఇచ్చేదాకా ఆగితే గదా. ముక్కు మీది నుంచి ఒడుపుగా తీసేసుకున్నాడు. చెయ్యి భుజానికి పోయింది.

కుడి భుజానికి.

"ఏమయ్యా, అది..." అనబోయింది సిద్దమ్మ. ఆంజినప్ప ఆమెను చూశాడు. ముప్పై ఏళ్లలో ఆ రెండు గుడ్డలు తారుమారు చేయని మనిషి, దొంగతనం చేస్తున్నవాడిలా ఎర్రగుడ్డతో అద్దాలు తుడుస్తున్నాడు. సిద్దమ్మ చెంబులోని మజ్జిగ గ్లాసులోకి వంచింది.

ఆఫీసరు అద్దాలు పెట్టుకుని, రెండుసార్లు కళ్లు ఆర్పి, అవతలికి నడిచాడు. "ఇటు కూడా..." అంటూ పడవ మీద అరచెయ్యి వేశాడు. ఆ చెయ్యి తెల్లగా పైకి లేవగానే సిద్దమ్మ అందులో మజ్జిగ గ్లాసు పెట్టేసింది.

"ఎండకు వచ్చినారు. తాగండి నాయనా."

ఆయన తాగాడు. ఇటువైపు కూడా కొట్టి చూశాడు, అంతే గట్టిగా మోగింది. కాగితం ముక్కుకు దగ్గరగా పెట్టుకుని, పడవను ఉంచవచ్చని రాసి సంతకం చేశాడు. ఓబులేష్ వెంటనే పడవ నీడలోకి పోయి డ్యూటీలో కూర్చున్నాడు.

జీపు కదిలింది. ఆంజినప్ప నిలబడలేకపోతున్నాడు. ఒక అడుగు ముందుకు, ఒకటి వెనక్కి. "సిద్దమ్మా, ఆయప్ప ఆ అద్దాలతోనే పోతాండాడే. యాడన్నా గుద్దుకుంటాడు," అంటూ తెల్లగుడ్డ లాక్కుని దుమ్ములో పరుగెత్తాడు. ఆయన వెనక సిద్దమ్మ, ఆమె చేతిలో చెంబు.

జీపు ఆగింది.

"సార్, అద్దాలు సరిగ్గా తుడవలేదు. ఒక్కసారి ఇయ్యండి." ఆవిరి ఊదీ ఊదీ, ఐదు నిమిషాలు తుడిచాడు. అప్పుడు గాని ఆంజినప్ప ముఖం తేటపడలేదు.

ఆఫీసరు అద్దాలు పెట్టుకున్నాడు. ఆంజినప్ప మెడను చూశాడు, ఎర్రగుడ్డను చూశాడు, తర్వాత తన అరచేతిని చూసుకున్నాడు. మజ్జిగా పొడీ కలిసి ఇంకా అక్కడే ఉన్నాయి. సంతకం పెట్టిన కాగితం ఒళ్లోనే ఉంది.

"పెద్దాయనా," అన్నాడు ఆయన, కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుంటూ. "వానలు పడేలోపల ఆ రెండో పక్క కూడా పూర్తి చెయ్యి."

మధ్యాహ్నం ట్యాంకరు వచ్చింది. సిద్దమ్మ తన వంతు నీళ్లు కూడా బకెట్లో పోసి, భర్తను పెరట్లో పెద్ద తొట్టిలో నిలబెట్టింది. ఇలాంటి మనిషినా ముప్పై ఏళ్లు తిట్టాను అనుకుంటే ఆమెకు సిగ్గూ గర్వమూ రెండూ కలిగాయి.

"కదలొద్దు. ఒక్క చుక్క బయట పడకూడదు," అని చెంబుతో తల మీద పోసింది. "ముందు నిన్ను తోముతా. తొట్టిలో మిగిలింది పడవకు."