హుఫూఫ్ ఇంట్లో నేను విప్పిన కుళాయి

ఇన్నేళ్లుగా ఈ మాట గొంతుకు అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. నా కూతురికి కూడా చెప్పలేదు. మీకు నా పేరు తెలియదు, నాకు మీ ముఖం తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సౌదీలో, హుఫూఫ్‌లో ఒక ఇంట్లో పనిచేశాను. మాది రాయచోటి దగ్గర పల్లె. యజమాని తల్లిని, అక్కడి అలవాటు ప్రకారం, అమ్మా అన్నట్టు మామా అనేదాన్ని. ఆమె నన్ను బింతీ అని పిలిచేది, అంటే బిడ్డా అని. నమాజుకు ముందు చిన్న చెంబెడు నీళ్లతోనే కాళ్లూ చేతులూ కడుక్కునేది. ఆ నీళ్లు కూడా బేసిన్‌లో పట్టించి మొక్కలకు పోయించేది. తన చిన్నతనంలో ఊటలు వాటంతటవే ఉబికి ఖర్జూర తోటలకు పారేవనీ, మోటార్లు పెట్టి తోడీ తోడీ వాటిని ఎండగొట్టారనీ మనవళ్లకు చెప్పేది. ఆమె చూస్తోందంటే చాలు, పిల్లలు పళ్లు తోముకుంటూ కుళాయి కట్టేసేవాళ్లు. కరువు సీమలో పుట్టినదాన్ని, నీళ్ల విలువ నాకు తెలియదా అనుకునేదాన్ని. ఆమె ముందు నేను దుబారా మనిషినే.

మా ఊళ్లో నీళ్లెప్పుడు వదులుతారో తెలియదు. కుళాయి విప్పి, కింద బిందె పెట్టి, వేరే పని చూసుకుంటాం. చప్పుడు వినపడగానే పరుగెత్తుతాం. ఒక శుక్రవారం మోటారు చెడి ఆ ఇంట్లో నీళ్లు ఆగిపోయాయి. మామా స్నానాలగది కడుగుతున్నదాన్ని, పాత అలవాటు కదా, కుళాయి విప్పి బకెట్టు పెట్టి వంటింట్లోకి వెళ్లాను. మోటారు బాగుచేశారు. మిక్సీ మోతలో నాకేమీ వినపడలేదు. చుట్టాలు భోజనాలకు దిగేసరికి ట్యాంకు ఖాళీ.

"ఆ కుళాయి ఎవరు వదిలారు?" అన్నాడు యజమాని. నన్నేమీ అనలేదు. నేనే భుజాలు తడుముకున్నాను. "మామా మర్చిపోయి ఉంటారు" అన్నాను. ఇంటికి పంపేస్తారని భయం. పంపేస్తే నా బిడ్డ చదువు ఆగిపోతుందని భయం.

ఆయన తల్లిని ఒక్క మాట అనలేదు. ఆమె గదికి నీళ్లు రాకుండా కట్టించి, ఇకనుంచి నన్నే పోయమన్నాడు.

మర్నాడు చేతుల మీద నీళ్లు పోస్తుంటే ఆమె అడిగింది.

"బింతీ, నిజం చెప్పు. వదిలింది నేనేనా?"

"అవును మామా."

"నువ్వు చూశావా?"

"చూశాను."

తడిచేత్తో నా తల నిమిరి, "నాకు మతి తప్పుతోంది. నువ్వు నన్ను కనిపెట్టుకుని ఉండు తల్లీ" అంది.

అప్పుడైనా చెప్పకూడదా? నోరు రాలేదు.

ఆ తర్వాత ఒకరోజు ఆమె కుళాయి కట్టేయమంటే మనవడు నవ్వి, "ఆ రోజు వదిలేసింది నువ్వే కదా నాయనమ్మా" అన్నాడు. అంతే. మళ్లీ ఎవరికీ చెప్పలేదు. ఊటల కథ కూడా మానేసింది. ఇంట్లో కుళాయిలు ధారగా పారుతుంటే వింటూ కూర్చునేది, ఆపమని అడిగే హక్కు తనకు లేనట్టు. ఆమె మతి నేనున్నన్నాళ్లూ చక్కగానే ఉంది. దాని మీద ఆమెకు నమ్మకం లేకుండా చేసింది నేను.

నేను వచ్చేసే రోజున నన్ను పట్టుకుని ఏడ్చింది. "నా కుళాయిలు ఇకమీద ఎవరు చూస్తారు బింతీ?" అంది. టికెట్టు చేతిలో ఉంది, పంపేస్తారన్న భయం లేదు. అయినా ఎందుకు చెప్పలేదు? ఎన్నోసార్లు నన్ను నేను అడిగాను. చెబితే ఆ చేతులు నన్ను వదిలేస్తాయని. నన్నంతగా ప్రేమించినవాళ్లు నాకు ఎక్కువమంది లేరు. అంత స్వార్థం.

ఇప్పుడామె ఉండి ఉండదు. క్షమించమని అడగను, అడిగే ముఖం లేదు. ఒక్క మాట మాత్రం పైకి అనాలి.

మామా, నువ్వేమీ మర్చిపోలేదు. ఆ కుళాయి విప్పింది నేను.