పటేలు కారుకు పాతర మూత

మా ఊరి భిక్షం పటేలు ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి. అలాంటివాడు బాటలో కనిపించిన ప్రతి దేవతకూ కొబ్బరికాయ కొట్టే మహాభక్తుడు ఎట్లా అయ్యాడో చెబుతాను. నాకు ఆయనంటే పడదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే మీకూ నాకూ పేచీ ఉండదు.

మోత్కూర్ చుట్టుపక్కల ఊళ్ళలో సొంత కారున్నది ఆయనకొక్కడికే. పోలీసు యాక్షన్ తర్వాత ఎవరో జాగీర్దారు అయినకాడికి అమ్ముకుంటుంటే కొన్నాడు. నడిపేది అంజన్న, ఎక్కేది పటేలు, చూసి దండాలు పెట్టాల్సింది మేము. ఒకనాడు అంజన్న డబ్బాతో పెట్రోలు పోసి, ట్యాంకు మూతను మడ్‌గార్డు మీద పెట్టి మరిచిపోయాడు. అది బాటలో ఎక్కడో పడిపోయింది. హైదరాబాదులో కొత్త మూత దొరుకుతుందని అంజన్న చెప్పాడు.

"మూత కోసం పట్నం పోవాల్నా? మనింట్ల మూతలకు కరువొచ్చిందా?" అన్నాడు పటేలు.

మా వైపు జొన్నలు పాతరేస్తారు. నేలలో గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, గింజలు నింపి, గాలి చొరకుండా పైన మట్టితో మూస్తారు. గాలి తగిలితే గింజ పాడవుతుంది. పాతర మూయడంలో తనంతవాడు లేడని పటేలు గొప్ప. నిజమే, ఊరు గంజికి ఏడ్చిన కరువులో కూడా ఆయన పాతర తెరుచుకోలేదు. ఆ తెలివినంతా ఇప్పుడు కారు మీద పెట్టాడు. తుమ్మ మొద్దును వడ్రంగం చేసే వడ్లాయన చేత బిరడాలా చెక్కించాడు. దానికి గొంగడి పేలిక చుట్టి, ఆముదంలో తడిపి, ట్యాంకు మూతిలో దిగ్గొట్టి, చుట్టూ మైనం కరిగించి పోశాడు.

"గాలి జొరితె గింజ ఖరాబైతది. పెట్రోలు గూడ గంతే. ఇగ సూడుర్రి!" అని వాకిట్లో నిలబడి మీసం తిప్పాడు.

పెట్రోలు ట్యాంకు మూతకు సన్నటి బెజ్జం ఉంటుంది. లోపల పెట్రోలు తగ్గేకొద్దీ ఆ బెజ్జంలోంచి గాలి లోపలికి పోవాలి. పోకపోతే పెట్రోలు ఇంజనుకు దిగదు, బండి ఆగిపోతుంది. కాసేపాగితే ఏ సందులోంచో కొంచెం గాలి చొరబడుతుంది, బండి మళ్ళీ కదులుతుంది. ఇంతే కథ. కానీ పటేలు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

మొదటిసారి కారు ఆగింది బాట పక్కనున్న మైసమ్మ రాయి దగ్గర. మైసమ్మకు కోపమొచ్చిందనుకున్నాడు పటేలు. అంజన్నను ఊళ్ళోకి ఉరికించి కొబ్బరికాయ తెప్పించి కొట్టాడు. అంజన్న పోయి వచ్చేసరికి గాలి చొరబడింది కాబట్టి కారు కదిలింది. కదిలించింది మైసమ్మే అని పటేలు లెంపలేసుకున్నాడు. రెండోసారి దర్గా ముందు ఆగితే చక్కెర మీద ఫాతిహా చదివించాడు. ఆ తర్వాత కారులో కొబ్బరికాయల సంచి లేనిదే ఇల్లు కదిలేవాడు కాదు. ఎక్కడ ఆగితే అక్కడ ఒక దేవతను వెతికి కాయ కొట్టడం, చిప్పలు అంజన్న తినడం.

అంజన్న ఒకసారి నోరు విప్పాడు. "పటేలా, బిరడ తీస్తాంటె బుస్సుమని గాలి గుంజుకుంటాంది. మూత తోటే లడాయి ఉన్నట్టుంది."

"నా మూతకు వంక పెడ్తవా? ముందుగాల నీ నోటికి పెట్టుకో మూత!"

అంజన్న పెట్టుకున్నాడు. అయినా కొబ్బరి చేదా ఏమిటి?

అరవై నాలుగులో పంచాయితీ ఎన్నికలొచ్చాయి. సర్పంచ్ కావాలంటే ముందు వార్డు మెంబరుగా గెలవాలి. పటేలు వార్డులో ఆయనకు ఎదురు నిలబడే మగాడు ఉంటాడని ఎవరూ అనుకోలేదు. గొర్లు కాసుకునే పెద్దులు నిలబడ్డాడు. పటేలుకు అన్నం సయించలేదు. గొర్లోడి కింద బతకడం కన్నా బావిలో పడడం మేలన్నాడు. మేమెవ్వరం అడ్డుపడలేదు.

నామినేషన్‌కు ఆఖరి రోజు. ముహూర్తం చూసుకుని, ఇస్త్రీ ధోవతి కట్టి, పటేలు కారులో మోత్కూర్ బయలుదేరాడు. పెద్దులు బస్సెక్కాడు. నేనూ అదే బస్సులో ఉన్నాను. సగం దూరం పోయాక చూస్తే పోచమ్మ దగ్గర కారు ఆగి ఉంది, పటేలు కాయ పట్టుకుని మొక్కుతున్నాడు. పెద్దులు బస్సు ఆపించాడు.

"పటేలా, యాళ్ళైతాంది. బస్సెక్కు, నా పక్కన జాగ ఉన్నది."

"నీ పక్కన నేను కూసుంటనారా? పోరా పో!"

బస్సు పోయింది. పటేలు ఆ తర్వాత ఇంకా ఇద్దరు దేవతలకు మొక్కి, ఆఫీసు చేరేసరికి గడువు దాటిపోయింది. పెద్దులు పోటీ లేకుండా గెలిచాడు. మెంబర్లు కలిసి ఆయన్నే సర్పంచ్‌ను చేశారు. నాకెంత సంతోషమైందో దాచుకోను, ఆ పూట మా ఇంట్లో పాయసం వండించాను.

కొన్నాళ్ళు పటేలు ఇల్లు వదల్లేదు. చివరికి మొండికేసి, తాను తగ్గలేదని చూపించడానికి కారెక్కి ఊరంతా తిరిగాడు. తిరిగి తిరిగి గొల్లవాడలో కారు ఆగిపోయింది. ఆగింది సరిగ్గా పెద్దులు ఇంటి ముందు.

పటేలు దిగాడు. సంచిలోంచి కాయ తీసి నాలుగు దిక్కులూ చూశాడు. పోచమ్మ లేదు, మైసమ్మ లేదు, దర్గా లేదు. గడపలో పెద్దులు నిలబడి ఉన్నాడు, అంతే. వాడంతా బయటికొచ్చింది. కారు వదిలేసి నడిచిపోతే నవ్వుతారు. తోయమని గొల్లోళ్ళను అడగాలంటే నోరు రాదు. కాయ కొట్టకపోతే కారు కదలదని ఆయనకు వేదమంత గట్టి నమ్మకం. చెమట తుడుచుకుంటూ అట్లా నిలబడి నిలబడి, చివరికి తల వంచుకుని, పెద్దులు గడప ముందున్న బండ మీద కాయ కొట్టాడు. అలవాటు కొద్దీ చేతులు కూడా జోడించాడు.

"మా ఇంటి ముంగట ఏ దేవుడున్నడు పటేలా?" అని పెద్దులు పెండ్లాం ఈదమ్మ అడిగింది.

పటేలు కారెక్కి తలుపేసుకున్నాడు. కారు కదిలింది. ఈదమ్మ చిప్పలు ఏరుకుని లోపలికి పోయింది.