ఎవరూ దొంగిలించని ఫోటోలు

బతుసంకర్ బజారులో బట్టల కొట్టు మీది మేడలో యుస్నిదార్ ఫోటో స్టూడియో నడిపేది. చుట్టుపక్కల ఊళ్ళలో గుర్తింపు కార్డు ఉన్న ప్రతి మనిషికీ ఏదో ఒక రోజు ఆమె "గడ్డం కొంచెం దించండి, ఊపిరి బిగబట్టకండి" అని చెప్పే ఉంటుంది. తలమీది కిరీటం బరువుకి మెడ వాలిపోయే పెళ్ళికూతుళ్ళని నిలబెట్టి, నవ్వించి, ఆ నవ్వు జారిపోయేలోగా ఫోటో తీయడంలో ఆమెకి సాటి లేరని పేరు. భర్త వ్యాపారానికని జకార్తా వెళ్ళి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఆ సంగతి ఆమె దగ్గర ఎవరూ ఎత్తేవారు కాదు. ఊరందరికీ ఆమె ఉని, అంటే అక్క.

తల్లి ఇంట్లోనే ఆమె కాపురం. తల్లిని అమాక్ అంటారు. చెల్లెలు నెల్ఫియా కూడా అక్కడే. పెళ్ళయితే మొగుడే వచ్చి పెళ్ళాం ఇంట్లో చేరడం అక్కడి పద్ధతి కాబట్టి, నెల్ఫియా మొగుడు ఎరిజాల్ కూడా ఆ ఇంటి మనిషే. అతను మినీబస్సు నడిపేవాడు. ఓనరు బస్సు అమ్మేసుకుంటే పనిలేక అరుగుమీద కూర్చున్నాడు. చూడలేక యుస్నిదారే తన పాత కెమెరా చేతికిచ్చింది.

"పెళ్ళిళ్ళకి నా వెనకాల రా జాల్. లైటు పట్టుకుంటూ నేర్చుకో" అంది.

నేర్చుకున్నాడు. అక్కడిదాకా ఆమెకి అతనంటే జాలే తప్ప మరొకటి లేదు.

కోతలయ్యాక శనివారాలు నీళ్ళు నిలిచిన మళ్ళలో ఎడ్ల పందెం జరుగుతుంది. రెండెడ్ల వెనక చిన్న కొయ్యల మీద వట్టికాళ్ళతో నిలబడి, చేతికో తోక పట్టుకుని, వేగం చాలకపోతే తోక కొరికి మరీ తోలతారు. ఏళ్ళ తరబడి యుస్నిదార్ ఆ పందేల ఫోటోలు తీస్తూనే ఉంది. ఆ ఏడు సుంగై తరబ్‌లో పందెం రోజు ఆమె దగ్గర కొత్త లెన్సు ఉంది. దానిమీద బురద పడుతుందని గట్టుమీదే నిలబడింది. ఎరిజాల్ ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి మడిలోకి దిగి, ఎడ్లు ఎదురుగా వస్తుంటే కదలకుండా నిలబడ్డాడు.

సాయంత్రం అతను తీసిన ఫోటో చూపించాడు. బురద రెండు తెరల్లా పక్కలకి విచ్చుకుంది. నడుమ తోక పళ్ళమధ్య బిగించిన మనిషి, కళ్ళు మూతపడి, దేవుణ్ణి తలుచుకుంటున్నట్టున్నాడు. ఎడ్ల ముట్టెల మీద నీటి చుక్కలు కూడా లెక్కపెట్టొచ్చు.

యుస్నిదార్ అందులో తప్పు వెతికింది. చాలాసేపు వెతికింది.

"కొంచెం ఎడమకి ఒరిగింది" అంది చివరికి.

"అవునా ఉనీ, సరిచేస్తారా?" అన్నాడు ఎరిజాల్, కెమెరా ఆమె చేతిలో పెడుతూ. అతని గొంతులో వెటకారం ఏమైనా ఉంటే ఆమెకి ఎంతో హాయిగా ఉండేది. లేదు.

ఆ వారమే అతను ఆ ఫోటోని, గోడకి పెద్దది చేసి తగిలించుకుంటారని, సైజు ఏమాత్రం తగ్గించకుండా ఫోనులో డ్రైవర్ల గ్రూపుకి పంపేశాడు. కొన్ని నెలల తర్వాత, ఫోటోలు అమ్ముకునే వెబ్‌సైటు ఒకటుందని ఎవరో చెబితే అందులోనూ పెట్టాడు. అది అమ్ముడుపోయింది. మళ్ళీ పోయింది. ఆపైన అతను పెట్టినవాటిలో ఏదో ఒకటి పోతూనే ఉంది.

ఆ వెబ్‌సైటులో యుస్నిదార్ అతనికన్నా మూడేళ్ళ ముందునుంచీ ఉంది. ఎంత జాగ్రత్తగా ఉండాలో అంత జాగ్రత్తగానూ ఉంది. చూసేవాళ్ళకి చిన్న సైజు ఫోటోయే కనిపించాలి. దానిమీద ఎడ్ల కొమ్ములనుంచి తోకలదాకా తన పేరు అడ్డంగా ఉండాలి. కెమెరాలోంచి వచ్చిన అసలు ఫైళ్ళు రెండు డిస్కుల్లో బీరువాలో ఉండాలి. ఇంత కాపలా పెట్టుకుంటే కొనేవాడూ రాలేదు, దొంగా రాలేదు.

ఇంట్లో రోజూ అతనితో కలిసి భోజనానికి కూర్చోవాలి. అమాక్ రెండాంగు మాంసం కూరలో మెత్తటి ముక్క ఏరి అల్లుడి పళ్ళెంలో వేసేది. పాదంగ్ నుంచి కాలేజీ పిల్లలు స్టూడియోకొచ్చి, "ఎడ్ల ఫోటోగ్రాఫరు ఇక్కడేనా అండీ?" అని అడిగేవారు. కౌంటరు వెనక కూర్చున్న యుస్నిదార్ "ఇక్కడ గుర్తింపు కార్డులకే తీస్తాం" అనేది. వాళ్ళు వెళ్ళిపోయాక కౌంటరు అద్దం తుడిచిందే తుడిచేది. అతని చేతిలో ఉన్నది తన కెమెరా. అతని కంటికి ఆ చూపు నేర్పింది తను. తను గట్టుమీద, అతను మడిలో, తేడా అంతే కదా అనుకునేది. ఆ తేడా ఎందుకొచ్చిందో గుర్తొచ్చినప్పుడల్లా కుళ్ళు ఇంకాస్త పెరిగేది.

ఒకరోజు ఎరిజాల్ స్టూడియోకొచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఉనీ, మీరు ఫోటో మీద పేరు వేస్తారు చూడండి, అది నాకూ కాస్త నేర్పుతారా? ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని నెల్ఫియా గోల పెడుతోంది."

"నీవి ఎవడు ఎత్తుకుపోతాడు జాల్? ఎడ్లవాళ్ళా?" అని నవ్వింది యుస్నిదార్.

అతనూ నవ్వేశాడు. తర్వాత అక్కడే కూర్చుని కెమెరాలో కార్డు నిండిపోయిందని పాతవన్నీ చెరిపేయడం మొదలుపెట్టాడు. సుంగై తరబ్ పందెం కూడా అందులోనే ఉందని ఆమెకి తెలుసు. "అమ్మిన ఫోటో అసలు ఫైలు ఎప్పుడూ చెరపకు" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో మెట్లమీద ఎవరో కస్టమరు వస్తున్న చప్పుడయింది. ఆమె లేచి వెళ్ళింది. ఆ కస్టమరుతో పని రెండు నిమిషాల్లో అయిపోయింది. అయినా ఆమె వెంటనే తిరిగి రాలేదు.

వానాకాలంలో పెళ్ళిళ్ళు లేక స్టూడియో ఖాళీగా ఉన్న ఒక మధ్యాహ్నం, తన ఫోటోలు ఎవరైనా వాడుకుంటున్నారేమో చూద్దామనిపించింది యుస్నిదార్‌కి. ఫోటోని ఇస్తే అది ఇంటర్నెట్‌లో ఎక్కడెక్కడ ఉందో వెతికిపెట్టే పద్ధతి ఉంది. తనవి ఒక్కొక్కటే ఇచ్చింది. ఎక్కడా లేవు. ఆఖరికి ఇన్నేళ్ళ పెళ్ళి ఫోటోలు కూడా ఇచ్చి చూసింది. ఒక్క దొంగకైనా అవి పనికిరాలేదు.

తర్వాత ఎరిజాల్‌ది ఇచ్చింది.

మెదాన్‌లో కాఫీ పొట్లం మీద ఉంది. ఎవరి క్యాలెండరులోనో ఉంది. బస్సు వెనక అద్దం మీద, బురదలో వేసుకునే రబ్బరు చెప్పుల ప్రకటనలో, టూరు కంపెనీల పేజీల్లో ఉంది. కిందికి జరిపినకొద్దీ ఆ తోక కొరికిన మనిషి వస్తూనే ఉన్నాడు. యుస్నిదార్‌కి ఏడుపొచ్చింది. అయ్యో మరిదిని దోచుకుంటున్నారే అని కాదు. దోచుకోవడానికైనా లోకం అతని గుమ్మమే ఎక్కుతోందని.

ఆ వరసలో ఒకచోట బ్రామ్ విచక్సన అనే పేరు కనిపించింది. ఎవరో ఏమిటో తెలియదు. అదే ఫోటోని తన పేరుతో ఇంకో వెబ్‌సైటులో అమ్ముతున్నాడు. పెట్టిన తేదీ చూసింది. ఎరిజాల్ అమ్మకానికి పెట్టకముందే ఇతను పెట్టాడు. డ్రైవర్ల గ్రూపులోంచి చేతులు మారిందన్నమాట.

కంప్యూటరు ఆపేసి ఇంటికెళ్ళింది. ఎవరికీ చెప్పలేదు.

నెల తిరగకుండానే ఎరిజాల్‌కి వెబ్‌సైటు వాళ్ళ దగ్గర్నుంచి కబురొచ్చింది. బ్రామ్ విచక్సన ఫిర్యాదు చేశాడు. ఫోటో తనదనీ, ఎరిజాల్ దొంగిలించాడనీ. వాళ్ళు ఎరిజాల్ ఖాతా మూసేశారు. కెమెరాలోంచి వచ్చిన అసలు ఫైలు గానీ, ఆ ఫోటో తనే తీశాడనడానికి గట్టి రుజువు గానీ చూపిస్తే తెరుస్తామన్నారు. అసలు ఫైలు లేదు. ఫోను మార్చినప్పుడు గ్రూపులో పాతవన్నీ పోయాయి. ఎరిజాల్ మళ్ళీ అరుగెక్కి కూర్చున్నాడు. ఈసారి అమాక్ ఏ ముక్క వేసినా పళ్ళెంలో అలాగే వదిలేసేవాడు.

మొదటిరోజు యుస్నిదార్‌కి నిజంగానే ఆకలేసింది. కడుపునిండా తింది. రెండోరోజు కూడా బాగానే ఉంది. మూడోరోజు రోస్మా కొట్టుకెళ్ళింది. అక్కడ కాఫీ ఆకుల కషాయం కొబ్బరి చిప్పల్లో పోసిస్తారు. రోస్మా ఊరందరికీ ఎతెక్, అంటే పిన్ని.

"కూర్చో ఉనీ" అంది ఎతెక్ రోస్మా, వేడివేడి అరటికాయ బజ్జీ ముందు పెడుతూ. "మీ ఇంటి సంగతి విన్నాలే. నాకు మొదటే అనుమానం. స్టీరింగు తిప్పేవాడికి అంత ఫోటో ఎక్కడిది? నువ్వు తీసిందే కదూ? నీ పేరు చెప్పకుండా అమ్ముకున్నాడు, ఇప్పుడు బయటపడ్డాడు."

పక్క బల్లమీది ముసలాయన తలూపాడు. "నేనూ అదే అంటున్నా. ఆ రోజు ఉని కూడా అక్కడే ఉంది. నేను చూశా."

యుస్నిదార్ చిప్ప నోటిదగ్గరికి తీసుకుంది. కాదు అనడానికి ఒక్క మాట చాలు. ఆమె కషాయం తాగింది. నెమ్మదిగా, చిప్ప ఖాళీ అయ్యేదాకా తాగింది.

"పోనీలే ఎతెక్, ఇంటి విషయం" అంది.

తిరిగి నడుస్తుంటే బజారు అంతా తనని వేరేగా చూస్తున్నట్టనిపించింది. మందుల షాపాయన లేచి నిలబడి పలకరించాడు. ఇన్నాళ్ళుగా ఏ ఫోటోకైతే కుళ్ళిందో అది ఇంత తేలిగ్గా, అడగకుండానే తన ఒళ్ళోకి వచ్చి పడింది. ఒళ్ళు వేడెక్కినట్టయింది. ఆ వేడిలో సంతోషం ఎంతో, భయం ఎంతో ఆమెకే తెలియలేదు.

మాట ఇల్లు చేరడానికి ఎంతసేపు పడుతుంది? మర్నాడు పొద్దున్నే నెల్ఫియా స్టూడియో మెట్లెక్కి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ ఫోటో నీదంటగా ఉనీ."

"నేనెక్కడన్నాను?"

"కాదని ఎక్కడన్నావు?"

యుస్నిదార్ కౌంటరుమీద కాగితాలు సర్దుతోంది.

"నీకు ఆయనంటే గిట్టదని నాకు తెలుసు" అంది నెల్ఫియా. "అన్నం పళ్ళెం వైపు నువ్వు చూసే చూపు నేను చూడలేదా? అమాక్ చూడలేదా? ఆయనొక్కడే చూడలేదు. నిన్న రాత్రి కూడా అంటున్నాడు, ఉనిని అడిగితే ఏదో దారి చెప్తుంది, కానీ మొహం చెల్లట్లేదు అని. అడగొద్దని నేనే ఆపా. నువ్వు చెప్పవని తెలిసి ఆయన్ని పంపడం ఎందుకు?"

అరవలేదు, ఏడవలేదు. చెప్పి దిగి వెళ్ళిపోయింది. అరిచి ఉంటే యుస్నిదార్ కూడా అరిచి తేలికపడేది.

చాలాసేపటికి బీరువా తెరిచి డిస్కు తీసింది. సుంగై తరబ్ రోజు తను గట్టుమీదనుంచి తీసినవి ఇంతవరకు ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. చూస్తే ఒళ్ళుమండుతుందని. ఇప్పుడు తెరిచింది. వరసగా పడిన ఫోటోలు. ప్రతిదానిలోనూ ముందు ఎరిజాల్ వీపే. మోకాటిలోతు బురదలో, కెమెరా కంటికి ఆనించి, మీదికొస్తున్న ఎడ్లకి ఎదురుగా. ఒకదానిలో బురద విచ్చుకుంటోంది. తర్వాతదానిలో తోలేవాడి పళ్ళమధ్య తోక. అదే మనిషి, అవే ఎడ్లు, కళ్ళు అలాగే మూతపడి. ఎదురుగా ఎరిజాల్ తప్ప ఇంకో ప్రాణి లేదు. ఫైలులో తేదీ, గంట, నిమిషం అన్నీ ఉన్నాయి.

ఇంకొకటి కూడా చూసింది. ఎడ్లు అంత దగ్గరికొచ్చినా అతను ఉన్నచోటునుంచి జరగలేదు. తను ఆ చోట ఉంటే పక్కకి దూకేది. లెన్సు కోసం కాదు, ప్రాణం కోసం దూకేది. ఆ సంగతి ఒప్పుకోవడం ఆమెకి పన్ను పీకించుకున్నట్టుంది.

ఎరిజాల్‌కి ఫోను చేసి రమ్మంది. అతను వచ్చి స్క్రీను ముందు వంగి చాలాసేపు చూశాడు.

"ఇది నేనేనా?"

"కాక ఎవరు? నా ఫోటోలన్నీ పాడు చేసిన వీపు అది" అంది యుస్నిదార్. "కూర్చో. ఇవన్నీ వాళ్ళకి పంపుదాం. ఒక్కటి కాదు, వరసంతా, కెమెరాలోంచి వచ్చినవి వచ్చినట్టే. గట్టుమీదనుంచి తీసినదాన్ని నేనని సంతకంతో రాసిస్తా. ఆ బ్రామ్ అనేవాణ్ణి దీనికి ముందు తీసిన ఫోటో, తర్వాత తీసిన ఫోటో చూపించమను. వాడి దగ్గర ఉండవు."

"మీరు ఇవి దాచారని తెలీదు ఉనీ."

"నీవి చెరిపేస్తున్నప్పుడు నేను ఇక్కడే ఉన్నా జాల్" అంది ఆమె, స్క్రీను మీదనుంచి చూపు తిప్పకుండా. "చెప్పాల్సింది, చెప్పలేదు."

ఎరిజాల్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. తర్వాత, "టీ తెప్పించనా?" అని అడిగాడు.

"తెప్పించు. చక్కెర తక్కువ."

బ్రామ్ విచక్సన ముందరి ఫోటో గానీ వెనకటిది గానీ చూపించలేకపోయాడు. కొన్ని వారాలకి ఎరిజాల్ ఖాతా తెరిచారు. ఆ వెబ్‌సైటు వాళ్ళే రాస్తే రెండో వెబ్‌సైటునుంచి బ్రామ్ పెట్టింది కూడా తీసేశారు. కాఫీ పొట్లాలు మాత్రం ఇప్పటికీ మెదాన్‌లో అమ్ముడవుతూనే ఉన్నాయి. యుస్నిదార్ ఎతెక్ రోస్మా కొట్టుకెళ్ళి, అందరూ ఉన్న సమయం చూసి, ఆ ఫోటో తన మరిదిదని చెప్పింది. "అయితే ఆ రోజు చెప్పలేదేం?" అంది ఎతెక్. ఆమె కషాయం డబ్బులు బల్లమీద పెట్టి వచ్చేసింది. కొన్నాళ్ళు మందుల షాపాయన లేవడం మానేశాడు.

కుళ్ళు పోయిందా అంటే పోలేదు. ఎరిజాల్ ఫోటో అమ్ముడైన ప్రతిసారీ ఆమెకి ఎక్కడో కలుక్కుమంటూనే ఉంది. కాకపోతే ఇప్పుడు అతని అసలు ఫైళ్ళన్నీ దాచేది ఆమే. అతని ఫోటోలు ఎక్కడెక్కడ తేలుతున్నాయో వెతికి, దొంగలకి ఘాటుగా రాసేది కూడా ఆమే. తనకి దక్కని దొంగలమీద ఆ పని చాలా కసిగా చేసేదని నెల్ఫియా అంటుంది. అక్కచెల్లెళ్ళ మాటలు మునుపటిలా కావడానికి మాత్రం ఏడాది పట్టింది.

తర్వాతి కోతలకి రంబతన్‌లో పందెం. యుస్నిదార్ ప్యాంటు మడిచి మడిలోకి దిగింది. ఎరిజాల్ పక్కకి జరిగి చోటిచ్చాడు. అది చాలదన్నట్టు ఆమె మోచేత్తో అతన్ని ఇంకాస్త నెట్టింది.

"ఎడ్లు అటు తిరుగుతాయి ఉనీ, అక్కడొద్దు."

"నాకు నేర్పకు" అంది.

ఎడ్లు అటే తిరిగాయి. ఆమె నిలబడలేకపోయింది. పక్కకి దూకింది, కెమెరాతో సహా బురదలో కూర్చుంది. ఎరిజాల్ ఆమెని లేపడానికి వంగడంతో ఆ జత అతని ముందునుంచి వెళ్ళిపోయింది. అతనికీ ఫోటో పడలేదు. గట్టుమీద జనం విరగబడి నవ్వుతుంటే, "ఇంకా నాలుగు జతలున్నాయి, లెండి" అన్నాడు అతను.